దగ్గు ఒకటి చెప్పింది, డబ్బా ఇంకొకటి చెప్పింది

గత నెలలో కడపలో జరిగిన సైన్సు ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో ఒక వక్త, ఆడపిల్లలకు సైన్సు మీద ఆసక్తి కలిగించడం గురించి మాట్లాడుతూ, గాలి నాణ్యతను కొలిచే చిన్న సెన్సర్లను ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బాలికల చేతికి ఇవ్వమన్నారు. సలహా మంచిదే, నేను మూడేళ్ళుగా చేస్తున్న పని కూడా అదే. అయితే అందుకు ఆయన చెప్పిన కారణం నాకు మింగుడుపడలేదు. ఆడపిల్లలకు ఇంటి మీద, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం మీద సహజంగానే శ్రద్ధ ఎక్కువ కాబట్టి, మగపిల్లలకు రోబో బొమ్మ ఎలాగో వీళ్ళకు గాలి, నీరు, ఆరోగ్యం అలాగ అన్నారాయన. హాలులో చాలామంది తలలూపారు. లేచి కాదనవలసినదాన్ని, ఆ పూట కూర్చుండిపోయాను. బస్సులో ఎర్రగుంట్ల చేరేదాకా అదే ఆలోచన.

నేను చూసినంతలో ఆడపిల్లలను ఆ పరికరం దగ్గర నిలబెట్టింది ఇంటి మీది శ్రద్ధ కాదు. దానికి సరైన జవాబు ఏ గైడులోనూ లేకపోవడం, అది చూపే అంకెను అనుమానించే స్వేచ్ఛ తమకు ఉండటం, ఆ అనుమానం ఒక్కోసారి నిజమని తేలడం, ఈ మూడూ వాళ్ళను కట్టిపడేశాయి. ఈ తేడా మాటల్లో చిన్నదిగా కనిపించినా, పరికరాన్ని ఎవరికి, ఎంతకాలం, ఎక్కడిదాకా తీసుకుపోవడానికి ఇస్తామన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది కనుక, వివరంగా రాస్తున్నాను.

రావాల కదా మేడం

సెన్సర్ల జోలికి పోకముందు జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి. ఏడో తరగతికి లోలకం ప్రయోగం చేయించాను. అర మీటరు దారం, చివర ఒక రాయి, ఇరవై డోలనాలకు ఎంత సమయం పడుతుందో మూడుసార్లు కొలవాలి. మగపిల్లల పుస్తకాల్లో 27, 31, 29 అని కొట్టివేతలతో, సిరా మరకలతో ఉన్నాయి. తరగతిలో అన్నిటా ముందుండే ఒక అమ్మాయి పుస్తకంలో స్కేలుతో గీసిన పట్టికలో 28, 28, 28 అని ముత్యాల్లాంటి అంకెలు ఉన్నాయి. ఆమెకు పూర్తి మార్కులు వేశాను. తరువాత, పిలిచి, మూడుసార్లూ ఒకే సంఖ్య ఎలా వచ్చిందని అడిగాను. "రావాల కదా మేడం" అంది.

ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. సైన్సంటే రావలసినది రావడమని మేమే నేర్పాము. రికార్డు నీటుగా రాస్తే మెచ్చుకుంటాము, కొట్టివేత ఉంటే కసురుకుంటాము. ఆ మెప్పు ఎక్కువగా ఆడపిల్లలకే దక్కుతుంది. అందువల్ల నష్టం కూడా వాళ్ళకే ఎక్కువ. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో, ఇంట్లో కూర్చునే తీరు, నవ్వే తీరు, దుస్తులు అన్నిటిమీదా ఒక్కసారిగా ఆంక్షలు మొదలయ్యే ఆ రెండు మూడేళ్ళలో, సైన్సు కూడా తప్పు చేయకుండా ఉండవలసిన మరో పనిగా వాళ్ళకు తారసపడుతుంది. పదో తరగతిలో వాళ్ళకు మంచి మార్కులు వస్తాయి. కానీ చేతిలో ఒక వస్తువు పట్టుకుని "ఇది నిజమేనా?" అని అడగడం అప్పటికే మరిచిపోయి ఉంటారు.

సుద్దముక్క, అగరుబత్తి

మేము వాడుతున్న పరికరంలో గొప్ప విడ్డూరమేమీ లేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన సెన్సరు, దానికి తగిలించిన చిన్న సర్క్యూట్ బోర్డు, అంకెలు చూపే బుల్లి తెర, పవర్ బ్యాంకు, అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో అమర్చి ఉంటాయి. నాలుగు వేల రూపాయల లోపే అయింది. లోపలి చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. ఆ గాలి మీద లేజరు కిరణం పడుతుంది. రేణువులు ఆ వెలుగును చెదరగొడతాయి. చెదిరిన వెలుగును పక్కనున్న ఫొటోడయోడ్ పట్టుకుంటుంది. మధ్యాహ్నం వేళ కప్పు సందులోంచి పడే ఎండ కమ్మీలో నలుసులు ఎగురుతూ కనిపించేది ఇందువల్లే. ఆ నలుసుకు మన పూర్వులు త్రసరేణువు అని పేరు పెట్టి, తూకాలన్నిటికీ దాన్నే మొదటి కొలతగా చెప్పుకున్నారు. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళలో కనిపించిన సంతోషం, రేణువులు వెలుగును చెదరగొట్టడాన్ని పరిశోధించిన శాస్త్రవేత్త టిండాల్ పేరు చెప్పినప్పుడు కనిపించలేదు.

అయితే మొదటి రోజు ఏ అద్భుతమూ జరగలేదు. డబ్బా బల్ల మీద పెట్టగానే మగపిల్లలు చుట్టుముట్టారు, ఊదారు, ఊపారు, ఒకడు దాని మీద డస్టరు దులిపాడు. ఆడపిల్లలు వెనక వరుసలో మర్యాదగా నిలబడి, నేను చెప్పిన అంకెను నోట్సులో రాసుకున్నారు. ఆరోగ్యం మీద సహజమైన శ్రద్ధే ఆకర్షించేదయితే ఆ రోజే ఆకర్షించి ఉండాలి. ఊపిరితిత్తుల బొమ్మ కూడా గీసి చూపించాను మరి.

వాళ్ళను కదిలించింది డస్టరు. సుద్ద పొడి తెల్లటి మేఘంలా లేచినా పీఎం 2.5 అంకె (ఘనపు మీటరు గాలిలో సన్నటి రేణువులు ఎన్ని మైక్రోగ్రాములో చెప్పేది) 38 నుంచి 50 దాకా పోయి ఆగింది. కాసేపటికి, పోల్చి చూపిద్దామని ఒక అగరుబత్తి వెలిగిస్తే, దారప్పోగంత పొగకు అంకె మూడు వందలు దాటింది. వెనక వరుసలోంచి, నోరు విప్పని ఒక పిల్ల, "కంటికి కనపడే దుమ్ముకు తక్కువ, కనపడని దానికి ఎక్కువ ఎట్ల మేడం? డబ్బా పాడయిందేమో" అంది. ఆ రోజు ఆడపిల్లల వైపు నుంచి వచ్చిన మొదటి మాట అదే, అదీ పరికరం మీద ఫిర్యాదు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతని, 2.5 మైక్రోమీటర్ల కంటే చిన్న రేణువులను లెక్కించడానికే ఈ డబ్బాను చేశారని, తల వెంట్రుక మందమే యాభై మైక్రోమీటర్ల పైన ఉంటుందని, సుద్ద పొడిలో ఎక్కువ భాగం ముతక రేణువులని అప్పుడు చెప్పాను. అడిగిన తరువాత చెప్పాను కాబట్టి అది వాళ్ళకు జ్ఞాపకం ఉండిపోయింది.

ఆ తరువాతి వారం నుంచి శనివారం మధ్యాహ్నాలు ఆడపిల్లలకు వేరుగా కేటాయించాను. ఇద్దరేసి జట్టుగా, జట్టుకు ఒక వారం డబ్బాను ఇంటికి తీసుకుపోవచ్చు. నియమం ఒకటే: కొట్టివేతలు ఉండాలి, చెరిపివేతలు ఉండకూడదు.

మిరపకాయ తాలింపు

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తెచ్చిన పుస్తకంలోని ఒక పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. వాళ్ళింట్లో గ్యాసు పొయ్యి ఉంది. 2016లో ఉజ్జ్వల పథకం మొదలైన తరువాత వచ్చిన కనెక్షనే. కానీ సంకటికి, స్నానాల నీళ్ళకు కట్టెల పొయ్యే. సిలిండరు రెండు నెలలన్నా రావాలంటే అంతే మరి. సాయంత్రం 6.10కి "పొయ్యి ముట్టించినాము, 212", 6.14కి "మాయమ్మ గొట్టంతో ఊదింది, 684", 6.31కి "సంకటి కెలుకుతాంది, మంట నిలబడింది, 140", 6.48కి "గ్యాసు మీద ఎండుమిరపకాయల తాలింపు, 165, అందరూ దగ్గినాము, తమ్ముడు బయటికి పరిగెత్తినాడు". దాని కింద గీత గీసి ఇలా రాసింది: "దగ్గు మిరపకాయకు ఎక్కువ వచ్చింది. డబ్బా కట్టెలకు ఎక్కువ చెప్పింది. ఏది నిజం?"

నాకు తెలిసిన ఏ పాఠ్యపుస్తకం చివరా ఇంత మంచి ప్రశ్న చూడలేదు. మిరపకాయలోని ఘాటు పదార్థం మోతాదు కొంచెమే అయినా గొంతులోని నరాలను నేరుగా రెచ్చగొడుతుంది. కట్టెల పొగలోని సన్నటి రేణువులు అంతగా రెచ్చగొట్టకుండానే ఊపిరితిత్తుల లోతుకు దిగిపోతాయి. రోజూ పొగలో కూర్చునే మనిషికి దానికి దగ్గు కూడా రాకపోవచ్చు. అంటే గొంతు ఒక కొలత సాధనం, డబ్బా ఒక కొలత సాధనం, రెండూ కొలుస్తున్నది ఒకే వస్తువును కాదు. ఇదంతా నేను చెప్పడానికి ముందు ఆ పిల్లలే అరగంట వాదించుకున్నారు. దగ్గు నిజమని కొందరు, అంకె నిజమని కొందరు. దగ్గును కూడా లెక్కించి పట్టికలో వేద్దామని ఒకామె అంది. మరుసటి వారం వచ్చిన పుస్తకంలో "దగ్గులు" అని ఒక గడి ఉంది.

ఐదు వందలు దాటిన అంకెలను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో మలుపు. సెన్సరు వివరాల పత్రంలో అది నమ్మకంగా పనిచేసే పరిధి 500 వరకే అని తయారీదారు రాసి ఉంది. ఆ కాగితం పిల్లలకు చదివి వినిపిస్తే, 684 రాసిన అమ్మాయి దాన్ని కొట్టేయలేదు. పక్కన "500 కంటే ఎక్కువ, ఎంతో చెప్పలేము" అని చేర్చింది. 28, 28, 28 రాసిన పిల్లకూ ఈ పిల్లకూ మధ్య తెలివిలో తేడా లేదు. ఈమెకు "చెప్పలేము" అని రాయడానికి అనుమతి దొరికింది, అంతే.

ఎవరి సగటు?

మొదట్లో డబ్బాకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు కూడా పెట్టాను. 2015 నుంచి మన దేశంలో వాడుతున్న వాయు నాణ్యతా సూచీకి ఆరు రంగులు ఉన్నాయి కదా, పిల్లలకు సులువుగా ఉంటుందనుకున్నాను. నెల రోజులకే ఆ దీపాలు తీసేశాను. రంగు కనిపిస్తే పిల్లలు అంకె చదవడం మానేశారు; ఎరుపు రాగానే చెడ్డది, ఆకుపచ్చ రాగానే మంచిది, అక్కడితో మాట ముగిసిపోయేది. పైగా సూచీలో పీఎం 2.5 లెక్క రోజంతటి సగటు మీద కట్టేది. క్షణానికి ఒకసారి మారే అంకెకు ఆ రంగు పూయడం శాస్త్రరీత్యా కూడా సరి కాదు.

సగటు పాఠం ఏడో తరగతి గణితంలో ఉంది. అందులోని లెక్కల కంటే మా లెక్క వాళ్ళకు ఎక్కువ పట్టింది. వంటింట్లో మూడు గంటలు 400, తక్కిన ఇరవై ఒక్క గంటలు 30 అనుకుంటే, మొత్తం 1830, దాన్ని 24తో భాగిస్తే 76. మన దేశ ప్రమాణం రోజుకు 60 కాబట్టి అది దాటినట్టే. లెక్క అయిపోయిందని నేను సుద్దముక్క కింద పెట్టబోతుంటే ఒక అమ్మాయి ఆపింది. ఆ 76 వాళ్ళ అమ్మదే కానీ, వంట అయ్యాక వచ్చి అన్నం తినే నాన్నది కాదు, ఆయన లెక్క 30 దగ్గరే ఉంటుంది, మరి ఇంటి సగటు అని రాస్తే ఎవరిది రాయాలి? వసారా గోడకు డబ్బా తగిలిస్తే వచ్చే అంకె ఆ ఇంట్లో ఎవరిదీ కాదు. 1980ల మొదట్లో వంటింటి పొగ మీద పరిశోధన చేసిన కిర్క్ స్మిత్, ఆయన సహచరులు గుజరాత్ గ్రామాల్లో వంట చేసే స్త్రీల ఒంటికే గాలి నమూనాలు తీసే పరికరాలు తగిలించి కొలిచింది ఈ కారణంగానే. ఒక ఏడో తరగతి పిల్ల ఆ ఆలోచన దాకా తనంతట తాను నడిచి వచ్చింది.

ప్రమాణాల పట్టిక చూసినప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. పీఎం 2.5కు మన దేశం 2009లో పెట్టుకున్న రోజువారీ హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో 25 అని చెప్పి, 2021లో దాన్ని 15కు తగ్గించింది. "వాళ్ళ ఊపిరితిత్తులు వేరే, మన ఊపిరితిత్తులు వేరేనా మేడం?" అని అడిగారు. హద్దు అనేది ప్రకృతిలో దొరికేది కాదని, ఆరోగ్యానికి ఏది మేలు, ఏది ఇప్పటికి సాధ్యం అని మనుషులు కూర్చుని తూచి నిర్ణయించేదని చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతులో ఉండవలసినంత ధైర్యం లేదు.

పొగ సంగతి తెలియనిది ఎవరికి?

ఈ పని వల్ల బాధ కలగలేదని చెప్పను. ఒక తల్లి బడికి వచ్చి, తన కూతురు నాలుగు రోజులుగా పొయ్యి దగ్గర డబ్బా పెట్టి "నీ వల్లే ఇంట్లో పొగ" అన్నట్టు చూస్తోందని కోపంగా చెప్పింది. నేను వాళ్ళింటికి వెళ్ళాను. "పొగ నాకు తెలీదా టీచరమ్మా? ఇరవై ఏండ్లుగా కండ్లు మండుతాండాయి. డబ్బా చెప్పాల్నా?" అంది ఆమె. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తాను మార్చలేని దాన్ని కొలిచి చూపించడం ఒక రకమైన క్రూరత్వమే అవుతుంది. ఆ అంకెను పదమూడేళ్ళ పిల్ల చేతుల మీదుగా తల్లికి పంపడం ఇంకా తప్పు. ఇంటి పొగను తగ్గించే బాధ్యత ఆ పిల్లది కాదు. శిక్షణ తరగతిలో ఆ వక్త చెప్పిన "శ్రద్ధ" అనే మాట ఇక్కడే ప్రమాదకరంగా మారుతుంది. సైన్సు పేరుతో ఆడపిల్ల నెత్తిన ఇంకో ఇంటిపని పెట్టినట్టవుతుంది.

ఆ తల్లే దారి చూపింది. కట్టెల్లో తేడా ఉంటుందని, కంది కట్టె బుస్సుమని మండి పోతుందని, కంప కట్టె నిలిచి మండుతుందని, ఏదైనా సరే పచ్చిదయితే కళ్ళు పోతాయని మాటల్లో చెప్పింది. ఆమె చెప్పిన మాటలను పరీక్షించవలసిన ప్రతిపాదనలుగా పుస్తకంలో రాసుకున్నాము. మూడు రోజులు, ఒకే పొయ్యి, ఒకే గిన్నె, ఒకే నీళ్ళు. తడి కట్టెకు, ఎండు కట్టెకు మధ్య తేడా ప్రతిసారీ స్పష్టంగా కనిపించింది. కంది, కంప మధ్య తేడా మాత్రం ఒక రోజు ఇటు, ఒక రోజు అటు అయింది. "అమ్మ చెప్పినదానిలో ఒకటి తేలింది, ఒకటి తేలలేదు" అని పిల్ల రాసింది. ఆ తల్లి ఆ వాక్యం చదివించుకుని, తేలని దాన్ని ఇంకో మూడు రోజులు చూడమంది. కోపంగా వచ్చిన మనిషి ప్రయోగంలో భాగస్వామి అయింది.

పెద్దక్క, చిన్నక్క

రెండో ఏడాది ఇంకో డబ్బా తయారు చేశాము. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకటి ఎప్పుడూ కొంచెం ఎక్కువ చూపేది. పిల్లలు వాటికి పెద్దక్క, చిన్నక్క అని పేర్లు పెట్టి, "పెద్దక్క పది ఎక్కువ చెప్తాది" అని పుస్తకం అట్ట లోపల రాసుకున్నారు. ఏ జట్టు ఏ అక్కను తీసుకుపోయిందో రాయకుండా అంకె ఇస్తే తక్కిన జట్లు ఒప్పుకునేవి కావు. క్రమదోషం (పరికరం ప్రతిసారీ ఒకే వైపుకు చేసే తప్పు) అన్న మాటను నేను ఆ తరువాత ఎప్పుడో పరిచయం చేశాను. అప్పటికే ఆ పని వాళ్ళకు అలవాటయిపోయింది. పుష్యమాసంలో మంచు దట్టంగా పట్టిన ఒక పొద్దున ఇద్దరక్కలూ మామూలుకు రెండింతలు చూపించారు. ఊళ్ళో ఏదో కాలుతోందని ఒక జట్టు వాదించింది. ఎండ ఎక్కి మంచు విడిపోగానే అంకె దిగిపోవడం చూసి, తేమ పట్టిన రేణువులు ఉబ్బి ఎక్కువ వెలుగును చెదరగొడతాయన్న సంగతి దాకా వచ్చాము.

ఈ సందర్భంలో వాళ్ళకు అన్నా మణి గురించి చెప్పాను. 1918లో తిరువాన్కూరులో పుట్టి, ఎనిమిదో పుట్టినరోజుకు వజ్రాల కమ్మలకు బదులు విజ్ఞాన సర్వస్వం అడిగి తీసుకుని, బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో పనిచేసి, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో పీహెచ్‌డీ పట్టా దక్కకపోయినా ఆగకుండా, మన వాతావరణ శాఖ వాడే సుమారు వంద పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణికంగా తయారు చేయించిన మనిషి ఆమె. ఆమె జీవితమంతా పరికరం ఎంతవరకు నిజం చెబుతుందన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. పిల్లలకు కమ్మల కథ నచ్చుతుందనుకున్నాను, నచ్చింది కూడా. కానీ వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగింది, ఆమె రెండు పరికరాలను పక్కపక్కన పెట్టి చూసేవారా అని.

నా సందేహాలు కూడా చెప్పాలి. మగపిల్లలను శనివారాలకు దూరం పెట్టడం న్యాయమా అని ఒక సహోద్యోగి అడిగారు. వాళ్ళకు బుధవారం ఇచ్చాను. అయినా ఆ ప్రశ్న నాలో పూర్తిగా చల్లారలేదు. కలిపి చేయిస్తే డబ్బా ఎవరి చేతిలో ఉంటుందో, పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో మొదటి రోజే చూశాను కాబట్టి, ఇప్పటికి ఇదే మేలనుకుంటున్నాను. ఇంకో సందేహం ఫలితం గురించి. మొదటి జట్లలోని పద్నాలుగు మందిలో ఇద్దరు ఎంపీసీ తీసుకుంటామంటున్నారు, ఒకతెకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఒక డబ్బా జీవితాలను మార్చిందని నేను రాస్తే, అది 28, 28, 28 రాసినట్టే అవుతుంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

మా చుట్టుపక్కల నాపరాయి గనులు, బండలు కోసే, పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి. మా పిల్లల్లో చాలామంది తండ్రులకు అక్కడే పని. ఒక అమ్మాయి తన వారంలో డబ్బాను నాన్న పనిచేసే చోటికి తీసుకుపోయింది. అంకె 70 దాటలేదు. వాళ్ళ నాన్న సంతోషించి, "చూడు పాపా, మీ వంటింటి కంటే నా పనికాడే గాలి బాగుండాది" అన్నాడట. ఆమెకు అది నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం నాన్న తలగుడ్డ దులిపితే నేల తెల్లబడుతుంది. ఆ తెలుపు డబ్బాకు ఎందుకు కనిపించలేదు?

ఆమె అనుమానం నిజం. ఇలాంటి సెన్సర్లు పీఎం 10 (పది మైక్రోమీటర్ల లోపు రేణువుల) అంకెను కూడా తెర మీద చూపిస్తాయి కానీ, ముతక రేణువులను సరిగా పట్టుకోలేవు. పొగను చూసినంత బాగా రాతి దుమ్మును చూడలేవు. బండను నీళ్ళు పోస్తూ కోస్తారు కాబట్టి కోత దగ్గర దుమ్ము తక్కువగా ఉండవచ్చు, బయట పారబోసిన తెల్లటి బురద ఎండి గాలికి లేచేది వేరు. డబ్బా చెప్పకపోయినంత మాత్రాన దుమ్ము లేనట్టు కాదు. ఆ అమ్మాయి ఒక స్టీలు పళ్ళేనికి కొబ్బరినూనె రాసి రాత్రంతా వాకిట్లో పెట్టింది, ఇంకొకటి ఇంట్లో పెట్టింది. పొద్దున రెండింటినీ వేలితో తుడిచి చూపించింది. నాలుగు వేల పరికరం చూడలేనిది నాలుగు చుక్కల నూనెకు దొరికింది. గ్రాఫు కాగితాన్ని నూనె రాసిన గాజు పలక కింద పెట్టి, భూతద్దంతో గడికి ఎన్ని రేణువులో లెక్కపెట్టే పద్ధతి ఆ తరువాత అందరం కలిసి చేసుకున్నదే.

ఆ వారంలోనే ఫ్యాక్టరీ వాళ్ళు కబురు పంపారు, పిల్లలు కొలిచే సామాను తీసుకుని లోపలికి రాకూడదని. ఆ అమ్మాయి తండ్రికి రెండు రోజులు పని ఇవ్వలేదు కూడా. బడిలో పెద్దలు నన్ను పిలిచి, ఇళ్ళ వరకే ఉంచుకోమన్నారు. ఆ తండ్రి కూలి పోవడం నా వల్లనే. పదమూడేళ్ళ పిల్ల కుతూహలానికి ఆ ఇంటి పొయ్యిని పణంగా పెట్టే హక్కు నాకు లేదు కాబట్టి, ఫ్యాక్టరీకి తీసుకుపోవద్దని నేనే ఆమెకు చెప్పాను. ఆమె తల వంచుకుని విని, చివరికి ఒక్క మాట అడిగింది: "ఇంట్లో పొగ కొలిస్తే తప్పుగాదు, ఫ్యాక్టరీకాడ కొలిస్తే తప్పా మేడం?"

శిక్షణ తరగతిలో నేను లేచి చెప్పవలసినది ఈ మాటే. ఇంటి మీద శ్రద్ధ అన్న కారణంతో సెన్సరు ఇస్తే, ఇంటి గడప దగ్గర అది ఆగిపోవడం ఎవరికీ లోపంగా కనిపించదు. వంటింట్లో పొగ కొలిచే ఆడపిల్లను అందరం ముచ్చటగా చూస్తాము. ఫొటో తీసి పత్రికకు పంపుతాము. అదే పిల్ల అదే డబ్బాతో వీధిలోకి, లారీల రోడ్డు మీదకి, గేటు దగ్గరికి నడిస్తే అది సైన్సు కాదు, గొడవ. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలయ్యాక కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల గాలి దాని లెక్కలోకి వచ్చింది. నాకు తెలిసినంతలో మా ఊరి గాలిని ఈ పిల్లల కంటే ముందు కొలిచిన వారు లేరు. వంటింటి నుంచి మొదలుపెట్టడంలో తప్పు లేదు, అక్కడ వాళ్ళకు నా కంటే ఎక్కువ తెలుసు. అక్కడే ఉంచేయడానికి మాత్రం నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు చేస్తున్నది ఇది. రోడ్డు అందరిదీ. రోడ్డు వారన ఉన్న వేపచెట్లకు, ఊరి వైపు మూడు, గనుల వైపు మూడు, బడి ఆవరణలో ఒకటి, మొత్తం ఏడు నూనె పలకలు కట్టాము. ఎవరి గేటూ దాటలేదు, ఎవరి తండ్రి పేరూ పుస్తకంలో లేదు. పలక వెనక తేదీ, దిక్కు, నేల నుంచి ఎత్తు, ఆ రోజు గాలి ఎటు నుంచి వీచిందో రాసి ఉంది. మొదటి ఏడాది "డబ్బా పాడయిందేమో" అన్న పిల్ల ఇప్పుడు పదో తరగతి; చిన్నవాళ్ళ చేత ఎత్తు కొలిపించింది ఆమే. శనివారం పలకలు దించుతారు. బడి ఆవరణలోని పలక మీద కాకి రెట్ట పడిందట, ఆ గడులను లెక్కలో వదిలేయాలా, పలకనే వదిలేయాలా అని నిన్న సాయంత్రం నుంచి వాదన నడుస్తోంది.